శంషాబాదున తూచు బంగారము, తూచని బంగారము

శంషాబాదు విమానాశ్రయమున బంగారము పట్టుబడినదను వార్త మన పాఠకులకు క్రొత్తది గాదు. పరదేశమునుండి దిగిన ప్రయాణికుడు నడికట్టులోనో, పెట్టె చక్రముల సందుననో, చెప్పుల యడుగుననో దాచి తెచ్చిన పసిడిని సుంకపుశాఖవారు వెలికిదీయుదురు. తక్కెడలో నిడి గ్రాములతో గూడ లెక్క వ్రాయుదురు. అంగడి ధర ననుసరించి వెలకట్టి పత్రికలకు దెలుపుదురు. ఆ శాఖవారి మెలకువ మెచ్చదగినదే. రాజ్యమునకు రావలసిన సుంకమును ఎగవేయువానిని పట్టుకొనుట ధర్మమే. అయితే ఆ తక్కెడ మాట విన్నప్పుడెల్ల మా మనస్సున నొక ప్రశ్న పుట్టుచున్నది. నిన్న దుబాయిలో కొనిన బంగారమునకు ఇంత లెక్క గలదు. ఈ నేలలో రెండువేల, మూడువేల ఏండ్లుగా నున్న బంగారమునకు, దానితోబాటు మట్టిలో నున్న పూసలకును, కుండలకును, ఇనుప కత్తులకును లెక్క యెక్కడ? అవి దొరికిననాడు వ్రాయువా డెవడు? వ్రాసిన చిట్టాను ప్రజలకు జూపువా డెవడు?

విమానాశ్రయముపై మాకు కినుక లేదు. 2008వ సంవత్సరము మార్చి 14వ తేదీన ప్రారంభోత్సవము జరిగి, 23వ తేదీనుండి రాకపోకలు సాగిన ఈ ఆశ్రయము తెలుగువారి నెందరినో ప్రపంచముతో గలిపినది. సుమారు 5,500 ఎకరముల భూమి దానికొరకు సేకరింపబడినది. దాని చుట్టును రహదారులు, గిడ్డంగులు, కర్మాగారములు, విలాసగృహములు, ఇండ్లస్థలముల వెంచర్లు నానాట విస్తరించుచున్నవి. నిన్నటి జొన్నచేను నేడు గజముల లెక్కన అమ్ముడు పోవుచున్నది. అభివృద్ధి కావలసినదే. కాని యే నేలపై నిలిచి అభివృద్ధి చెందుచున్నామో ఆ నేల యెట్టిదో యెరుగవలదా?

హైదరాబాదు చుట్టునున్న ఈ రాతినేల మన పూర్వుల శ్మశానవాటిక. మౌలాలిలోను, హష్మత్‌పేటలోను, గచ్చిబౌలి విశ్వవిద్యాలయ ప్రాంగణమునను ఇనుపయుగపు సమాధులు బయల్పడినవి. పెద్దపెద్ద గుండ్లను వలయముగా బేర్చి, నడుమ రాతిపలకలతో పెట్టె యమర్చి, అందు మృతుని అస్థికలను, నలుపు ఎరుపు కలిసిన కుండలను, ఇనుప బల్లెములను, రంగురాళ్ల పూసలను ఉంచి, పైన బండ కప్పిరి. కాలము గడచిన కొలది వానిని కట్టినవారి పేరును జనులు మరచిరి. రాక్షసగుళ్లని యొక యూరివారు, పాండవుల గుళ్లని మరియొక యూరివారు పిలిచిరి. డాక్టరు హంటు అను వైద్యుడు రాయగిరి మొదలగు చోట్ల ఇట్టి సమాధులను త్రవ్వించి, 1924లో లండను మానవశాస్త్ర పత్రికలో హైదరాబాదు సమాధులను గూర్చి వ్యాసము ప్రకటించెను. శతాబ్దికి పూర్వమే పరదేశీయుడు చదివిన యీ పుటను మనము నేడు జేసీబీ యంత్రముతో చింపుచున్నాము. గుండ్ల వలయమును చదును చేయుటకు ఒక పూట చాలును. చదును చేసినవాడు దోషినని తలపడు. అది సమాధియని అతనికి జెప్పినవా డెవడును లేడు.

ఈ పూర్వులు బంగారము నెరిగినవారా యని యెవరైన నడుగవచ్చును. ఎరిగినవారే. బళ్లారి జిల్లాలోని తెక్కలకోటలో 1960 దశకమున జరిగిన త్రవ్వకములలో, రాతిగొడ్డళ్లు వాడుచుండిన నవీన శిలాయుగపు పొరలనుండియే స్వర్ణాభరణము దొరకినది. నాగార్జునకొండ లోయలో కృష్ణానది జలాశయము క్రింద మునుగుటకు ముందు త్రవ్విన ఇనుపయుగపు సమాధులలో మెలికలుచుట్టిన బంగారు చెవిపోగులు లభించినవి. తులమునకు మించని యా మెలికతీగను ఒక తల్లియో, ఒక భార్యయో మృతునికి చివరి కానుకగా సమర్పించినది. ఇక ఆ బంగార మెక్కడిదన, పూర్వపు నైజాము రాజ్యములోనిదై, నేడు కర్ణాటకమందున్న రాయచూరు జిల్లా హట్టి గనులు సాక్ష్యము చెప్పుచున్నవి. ఆధునికులు అచ్చట గనిని తెరచినప్పుడు ప్రాచీనులు 600 అడుగులకు పైగా లోతునకు దిగి త్రవ్విన జాడలు కనబడినవి. రాతిని నిప్పుతో కాల్చి, నీటితో చల్లార్చి, పగులగొట్టి, ఖనిజమును తీయు విద్య వారికి గలదు. ఆ గనులలో మిగిలిన కొయ్యను శాస్త్రజ్ఞులు పరీక్షించి, అది సుమారు రెండువేల యేండ్లనాటిదని తేల్చిరి.

అచ్చటికి చేరువనే మస్కి గలదు. 1915లో బీడన్ అను గనుల యింజనీరు బంగారముకొరకు ఆ కొండల వెదకుచు ఒక రాతిపై వ్రాతను జూచెను. అది దేవానాంప్రియుని శాసనము. అంతవరకు దొరకిన ధర్మలిపులలో దేవానాంప్రియుడు, ప్రియదర్శి యను బిరుదములే కానవచ్చెను. అశోకుడను పేరు ఆ రాతిమీదనే మొదట స్పష్టముగా గనబడెను. హైదరాబాదు పురాతత్త్వశాఖవారి గ్రంథమాలలో మొదటి గ్రంథముగా పండితుడైన హెచ్. కృష్ణశాస్త్రి దానిని పరిష్కరించి ప్రకటించెను. బంగారమును వెదకబోయినవానికి చక్రవర్తి పేరు దొరకినది. ఆ రాతిని తూచిన పైసా రాదు. అయినను దానికి వెలకట్టగల కంసాలి లోకమున గలడా? పురావస్తువునకు విలువ దాని లోహమునందు లేదు. అది యెక్కడ, ఏ లోతున, దేని ప్రక్కన దొరకినదో ఆ సంగతియందు గలదు. ఆ సంగతి వ్రాయకముందే వస్తువును కదిపినచో, చేత మిగులునది కరగింపదగిన బంగారము మాత్రమే.

2021వ సంవత్సరము ఏప్రిల్ 8వ తేదీన జనగామ జిల్లా పెంబర్తిలో జరిగినది పాఠకులకు జ్ఞాపకముండవచ్చును. ఇండ్లస్థలములకై భూమి చదును చేయుచుండగా ఒక పాత్ర బయల్పడినది. అందు సుమారు 190 గ్రాముల బంగారు నగలు, 1.7 కిలోల వెండి నగలు ఉన్నవి. జనులు గుమిగూడిరి, టెంకాయలు కొట్టిరి, పూజలు చేసిరి. అధికారులు వచ్చి సొత్తును స్వాధీన పరచుకొనిరి. అది ప్రభుత్వము చేతికి జేరినందులకు సంతోషమే. కాని పాత్ర మట్టిలో నెట్లుండెనో చిత్రించుటకు, చుట్టునున్న పొరలను పరీక్షించుటకు, యంత్రము ముందు నడువవలసిన శాస్త్రజ్ఞుడు యంత్రమునకు వెనుక వచ్చెను. ఇట్టి పాత్రలలో మనకు తెలిసినది యీ యొక్కటి. నోరు మెదపక కంసాలి కుంపటికి జేరినవి యెన్నియో భగవంతుని కెరుక.

ఇతర దేశములలోను నిధులు అనుకోకుండనే దొరకుచున్నవి. 1972లో బల్గేరియాదేశమున వర్ణా నగరముచెంత యంత్రముతో కాలువ త్రవ్వుచుండగా బంగారము బయల్పడెను. పని ఆపిరి, శాస్త్రజ్ఞులు వచ్చిరి, సంవత్సరముల తరబడి సమాధి తరువాత సమాధిని జాగ్రత్తగా త్రవ్విరి. క్రీస్తునకు పూర్వము సుమారు 4500 నాటి యా శ్మశానమునుండి లభించిన ఆరు కిలోల బంగారము నేడు ప్రపంచమందలి అతిప్రాచీన స్వర్ణసంపదలలో నొకటిగా కీర్తింపబడుచున్నది. ఆ దేశము మనకంటె పెద్దదికాదు, మనకంటె ప్రాచీనమైనదియు గాదు. మరి భేదమెక్కడ? యంత్రమునకు అడ్డుపడు బంగారమును జూచినప్పుడు ఏమి చేయవలెనో అచ్చటివారికి తెలిసెను. మనవారికి మనము తెలుపలేదు.

మనకు చట్టము లేకపోలేదు. 1878 నాటి నిధుల చట్టము నేటికిని అమలునందున్నది. భూమిలో దాగి, పది రూపాయలకు మించిన విలువగల వస్తువు దొరకినవాడు కలెక్టరునకు తెలుపవలెను. దాచినవానికి ఏడాదివరకు చెరసాల. ఈ సంగతి పల్లెలలో అందరు నెరుగుదురు. అందుచేతనే భయపడి దాచుదురు. కాని అదే చట్టములో దొరకినవాని హక్కు గలదని యెరిగినవా రరుదు. నిధికి యజమాని తేలనిచో, భూస్వామితో వేరొక ఒడంబడిక లేనిపక్షమున, దొరకినవానికి నాలుగింట మూడు పాళ్లు, భూస్వామికి ఒక పాలు చెందవలెను. ప్రభుత్వమే దానిని ఉంచుకొనదలచినచో లోహపు విలువకు ఐదవవంతు చేర్చి యిచ్చి తీసికొనవలెను. దండనను చాటించి హక్కును మరుగుపరచిన రాజ్యమునకు రైతు తన చేనిలోని నిధిని ఏల చూపును? గ్రామపంచాయతి గోడమీద ఈ నాలుగు వాక్యములు తెలుగున వ్రాయించుటకు ఏ కమిటీయు, ఏ నిధులును అక్కరలేదు.

అజ్ఞానమునకు తోడు దురాశ. గుప్తనిధులు, లంకెబిందెలు అను మాటలు తెలుగునాట ఎంత అనర్థమును తెచ్చినవో చెప్పజాలము. అమావాస్య రాత్రి మంత్రగానిని వెంటబెట్టుకొని పాడుబడిన గుడులలో గర్భాలయములు త్రవ్వువారు, నందుల పొట్టలు పగులగొట్టువారు పోలీసులకు పట్టుబడిన వార్తలు తరచుగా జదువుచున్నాము. వారికి బంగారము దొరకదు. మనకు గుడి మిగులదు. పురాతన ప్రదేశము యొక్క నిజమైన ధనమేదో ప్రజలకు బోధింపనంతకాలము ఈ తెగులు తగ్గదు.

ఇక దొరకి, భద్రముగా వస్తుప్రదర్శనశాలలకు జేరిన వస్తువుల మాట. నాంపల్లి పబ్లిక్ గార్డెన్సులో 1930 ప్రాంతమున నెలకొనిన రాష్ట్ర పురావస్తు ప్రదర్శనశాల గలదు. సంగారెడ్డి చెంత కొండాపురమున 1940 తరువాత త్రవ్విన శాతవాహన నగరపు వస్తువులకు అచ్చటనే ఒక శాల గలదు. రోమక చక్రవర్తి అగస్టసు బంగారు నాణెము ఆ త్రవ్వకములలోనే లభించినది. ఈ శాలలను కట్టినవారికి, కాపాడినవారికి జాతి ఋణపడియున్నది. కాని నాంపల్లి శాలకు పోయిన బాలురు మొదట అడుగునది ఈజిప్టు రాచకన్నె శవమును. నవాబు ఒకరు 1920 ప్రాంతమున కొనితెచ్చి నైజామునకు కానుక యిచ్చిన ఆ శవమునకు వాయువు చొరని గాజుపెట్టె యమర్చినారు. మంచిదే. కాని పరదేశపు మృతురాలికి గాజుపెట్టె, మన మృతులకు జేసీబీ యంత్రము అనునది మన గౌరవమునకు తగునా?

ఇచ్చట మేము ముఖ్యముగ కోరునది ఒక్కటే. పట్టిక కావలెను. ప్రభుత్వము చేతనున్న ప్రతి పురావస్తువునకును, గదిలో ప్రదర్శింపబడినదైనను, గిడ్డంగిలో మూటగట్టబడినదైనను, ఛాయాచిత్రముతో, తూకముతో, కొలతతో, దొరకిన యూరి పేరుతో, దొరకిన సంవత్సరముతో తెలుగు పట్టికను అచ్చువేయించి ప్రజల యెదుట నుంచవలెను. సుంకపుశాఖవారు దొంగబంగారమునకు జూపు శ్రద్ధను పురావస్తుశాఖవారు పూర్వుల బంగారమునకు జూపవలెనని మాత్రమే మేము కోరుచున్నాము.

పట్టిక లేనిదాని ఫలమేమో దేశమెరుగును. 2013లో కేంద్ర ప్రధాన గణాంక పరిశోధకుని నివేదిక వెలువడినది. తనిఖీ చేసిన 1,655 రక్షిత కట్టడములలో 92 కానరాలేదని అందు వ్రాసిరి. పిమ్మట కొన్ని దొరకినవని శాఖవారు చెప్పిరి. కట్టడమే కానరాని దేశమున చిటికెనవ్రేలి గోరంత చెవిపోగు కానరాకపోవుట వింతయా?

పట్టిక ఉన్నచో ఫలమేమో గూడ చూచితిమి. ప్రకాశము జిల్లా చందవరము బౌద్ధక్షేత్రమునుండి అపహరింపబడిన శిల్పమొకటి న్యూయార్కు వ్యాపారి ద్వారా ఆస్ట్రేలియా జాతీయ చిత్రశాలకు జేరెను. అది పూర్వము చందవరమున నుండినదనుటకు ఛాయాచిత్రపు సాక్ష్యము దొరకినది. ఆ సాక్ష్యమునెదుట ఆస్ట్రేలియావారు వాదింపక, 2016లో శిల్పమును భారతదేశమునకు తిరిగి యిచ్చిరి. సైన్యము చేయలేని పనిని ఒక ఛాయాచిత్రము చేసెను. 2018 సెప్టెంబరులో హైదరాబాదు పురానీ హవేలీలోని నైజాము ప్రదర్శనశాలనుండి రత్నములు తాపిన బంగారు టిఫిను డబ్బాను దొంగిలించిరి. దాని రూపము అందరు నెరిగినది; అమ్మజూపినచో పట్టుబడక తప్పదు. కొలది దినములలోనే పోలీసులు దానిని రాబట్టిరి. అదే యొక పేరులేని ఇనుపయుగపు పూసలదండ యైనచో, పోయినదని యెవరు గుర్తింతురు? దొరకినచో మనదని యెట్లు నిరూపింతురు?

1972 నాటి పురావస్తువుల చట్టము నూరేండ్లు నిండిన పురావస్తువును ప్రైవేటువ్యక్తి యెవడును దేశము దాటింపరాదని శాసించుచున్నది. శంషాబాదు వంటి ద్వారములందే ఆ చట్టము పనిచేయవలెను. కాని యంత్రమునకు లోహము తెలియును. దాని వయస్సు తెలియదు. పాతగొలుసునకును ప్రాచీనాభరణమునకును భేదము చూపు పట్టిక అధికారి చేతిలో లేనిచో, అతని శ్రద్ధ యెంత గొప్పదైనను వ్యర్థమే. లోనికివచ్చు బంగారమునకు పదికండ్లు. వెలుపలికిపోవు చరిత్రకు ఒక్క కన్నైనను వలదా?

పట్టిక ప్రకటించినచో దొంగలకు దారిచూపినట్లగునని కొందరందురు. ఈ వాదము మేము వినియున్నాము. దొంగ యెరుగనిదేమి? ఏ గుడిలో కాపలా లేదో, ఏ గిడ్డంగి తాళము వదులైనదో వానికి తెలియును. తెలియనివాడు యజమాని. యజమానియనగా ప్రజ. యజమాని కన్నుగప్పుటవలన ఏ సొత్తును భద్రమైనదని చరిత్రలో లేదు.

ధనము లేదందురు. ధనములేని దినములలో మనవారేమి చేసిరి? 1923లో గతించిన కొమర్రాజు లక్ష్మణరావు పంతులుగారి పేర హైదరాబాదున లక్ష్మణరాయ పరిశోధకమండలి పనిచేసెను. ఆదిరాజు వీరభద్రరావుగారు మొదలగువారు తెలుగునకు ఆదరణ కొరవడిన రాజ్యమందు ఊరూర శాసనములను సేకరించిరి. 1935లో తెలంగాణా శాసనములను గ్రంథముగా ప్రకటించిరి. వారికి ప్రభుత్వాధికారము లేదు, సొమ్ము లేదు, వాహనములు లేవు. అయినను అచ్చుపడిన శాసనము చావదు. రాయి పగిలినను అక్షరము నిలుచును. వారు ఎడ్లబండిమీద చేసినపనిని, ప్రతివాని జేబులోను ఛాయాచిత్రయంత్రమున్న యీ కాలమున చేయలేమనుట సిగ్గుచేటు.

అమరావతి శిల్పములను గూర్చి తెలుగువా డెవడు తలచినను మనస్సు కలుక్కుమనును. 1859లో లండనునకు తరలి, 1880లో బ్రిటిషు ప్రదర్శనశాలకు జేరిన ఆ చలువరాళ్లు నూటికి పైగా నేటికిని అచ్చటనే యున్నవి. 1892లో భట్టిప్రోలు స్తూపమున అలెగ్జాండరు రీ కనుగొనిన ధాతుకరండములు, బంగారుపూలు చెన్నపట్టణపు శాలలో నున్నవి. వానిపై మనకు గల హక్కును మేము విడువము. కాని పరులను అడుగుటకు ముందు మన యిల్లు చక్కబెట్టుకొనవలెను. మీ సొత్తును మీరెట్లు కాపాడుకొనుచున్నారని లండనువారు ప్రశ్నించిన, మన పట్టికను ముందు పెట్టగలుగవలెను. న్యాయము రెండువైపుల నడచును గావున, ఆ రాచకన్నెను గూర్చి ఈజిప్టుదేశమువారు ఒకనా డడిగినచో మర్యాదతో బదులు చెప్పుటకును సిద్ధపడవలెను.

ఇక శంషాబాదును గూర్చి మా విన్నపము. ఆథెన్సు నగరపు విమానాశ్రయమును కట్టునపుడు భూమిలో దొరకిన ప్రాచీనవస్తువులను అచ్చటనే ప్రయాణికులకు ప్రదర్శించుచున్నారు. మెక్సికోలో 2022లో ప్రారంభమైన క్రొత్త విమానాశ్రయపు నేలలో లభించిన ప్రాచీన గజముల ఎముకలకు ప్రత్యేకశాల నిర్మించిరి. మన విమానాశ్రయమున సుగంధద్రవ్యములకు, మద్యమునకు, మిఠాయిలకు అంగళ్లు గలవు. తెలుగునేల ఇనుపయుగపు కుండకు, పూసకు, బల్లెమునకు ఒక గది యిచ్చినచో ఏమి తరుగును? కొలువులకై గల్ఫునకు పోవు కరీంనగరము యువకుడు, చదువునకై అమెరికాకు పోవు గుంటూరు బాలిక విమానమెక్కుటకు ముందు పది నిమిషములు ఆ గదిలో నిలిచినచో, తాము ఎవరి సంతతియో తెలిసి పోవుదురు.

ఇదియే మా విన్నపముల సారము. నగరము చుట్టును నేల చదును చేయుటకు అనుమతి నిచ్చుటకు ముందు వారసత్వశాఖ శాస్త్రజ్ఞుడు ఆ నేలను నడచి చూడవలెను. నిధి దొరకినవాని హక్కును ప్రతి గ్రామమునను తెలుగున చాటింపవలెను. ప్రతి శాలలోని ప్రతి వస్తువునకు చిత్రముతో గూడిన పట్టికను ప్రకటింపవలెను. ఆ పట్టిక ప్రతిని విమానాశ్రయపు అధికారుల చేతికీయవలెను. ఇందు దుస్సాధ్యమైనదేదియు లేదు. ప్రభుత్వమువారు ఉదాసీనులైనచో విద్యాశాలలు, గ్రంథాలయములు, యువకసంఘములు తమ ఊరి గుండ్లవలయములను తామే గుర్తించి, చిత్రించి, లెక్క వ్రాయవలెను.

పరదేశమున కొనిన బంగారము నేడు పట్టుబడక తప్పించుకొనినచో రాజ్యమునకు కొంత సుంకము నష్టము. రేపు వేరొకచోట రాబట్టుకొనవచ్చును. సమాధిలోని మెలికతీగ ఒక్కసారి కుంపటిలో కరగినచో దానిని మరల నిర్మింపగల విశ్వకర్మ లేడు. తక్కెడ మనకున్నది. ఏది ముందు తూచవలెనో తెలిసికొనుట యొక్కటే తక్కువ.